ఫోజేర్ ద్రాక్షతోటల్లో మామయ్యతో అయిదు రోజులు

ఈ ప్రయాణం నేను మామయ్య కోసం పెట్టుకున్నది కాదు. నా కోసం పెట్టుకున్నది. నలభయ్యో పుట్టినరోజుకి ఫ్రాన్స్ దక్షిణాన ఏదో ఒక చిన్న ఊళ్ళో, ఆఫీస్ ఫోన్ మోగని చోట, వారం రోజులు ఉండి రావాలని నేనూ, అమెరికాలోనే ఐసెలిన్‌లో ఉండే నా స్నేహితురాలు వాణీ ఏడాది ముందు నుంచే అనుకుంటున్నాం. ఊరు కూడా నేనే వెతికి పట్టుకున్నాను. పేరు ఫోజేర్. కొండవాలు మీద ఓ వంద రాతి ఇళ్ళు, చుట్టూ ద్రాక్షతోటలు, పైన మూడు పాత గాలిమరలు. ఫిబ్రవరిలో టూరిస్టులు ఉండరు కాబట్టి టికెట్లూ గదులూ చవక. 2013 ఫిబ్రవరి నెల ఖాయం చేసుకుని నా టికెట్ కొనేశాను. ఇంకో ఆరు వారాలుందనగా వాణి ఫోన్ చేసి, కొత్త ప్రాజెక్ట్‌లో జాయిన్ అయ్యాననీ, ఇప్పుడు లీవ్ అడిగితే బావుండదనీ చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు శ్రీను, "పోనీ నాన్నని తీసుకెళ్ళు. ద్రాక్షతోట చేసిన మనిషి కదా," అన్నాడు.

నేను రెండు రోజులు జవాబివ్వలేదు. మామయ్య మంచివారే. అత్తమ్మ పోయాక, మా ఆడపడుచు ఎప్పుడో స్పాన్సర్ చేసిన గ్రీన్ కార్డ్ మీద వాషింగ్టన్ పక్క హెర్న్‌డన్‌లో మా ఇంటికొచ్చి ఆరు నెలలైంది. ఈ ఆరు నెలల్లోనే కాదు, పెళ్ళయిన పదకొండేళ్ళలోనూ మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నది లేదు. మాది కాకినాడ, వాళ్ళది మేడ్చల్ దగ్గర పల్లె. మేం ఇష్టపడి చేసుకున్న పెళ్ళికి ఆయన వద్దనలేదు, కావాలనీ అనలేదు. కాఫీ ఇస్తే తీసుకుంటారు, గ్లాసు కడిగి బోర్లిస్తారు. అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. శుక్రవారం సాయంత్రం శ్రీనూ నేనూ చెరో గ్లాసు వైన్ తాగడం మాకు అలవాటు. మామయ్య వచ్చిన రోజు నుంచీ ఆ సీసాలు గరాజ్‌లో పెయింట్ డబ్బాల వెనక్కి వెళ్ళిపోయాయి. అలాంటిది మామగారిని వెంటబెట్టుకుని వైన్ ఊరికి వెళ్ళడం ఏమిటి అనిపించింది.

మామయ్యకి ఒకప్పుడు మేడ్చల్ దగ్గర ఎనిమిదెకరాల అనాబేషాహి ద్రాక్షతోట ఉండేది. బోర్లు ఎండిపోయి, నేను పెళ్ళయి వచ్చిన రెండేళ్ళకే తోట తీసేశారు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. మూడో రోజు శ్రీను నాతో ఫ్రాన్స్ వెళ్ళమని అడిగినప్పుడు కూడా ఆయన తోట ఊసు తేలేదు. నా వైపు చూసి, "నీకు ఇబ్బంది లేదంటే పోదాం బిడ్డా," అన్నారు. అలా అడిగాక నేనింకేమంటాను. ఆయనకీ టికెట్ బుక్ చేశాను.

మా ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్ట్‌లే కాబట్టి వీసా కావాలి. వాషింగ్టన్‌లోని ఫ్రెంచ్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని గ్రీన్ కార్డ్‌లు, ఇన్సూరెన్స్, ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటామో ఆ బుకింగ్ కాగితాలు అన్నీ పట్టుకెళ్ళాలి. కిటికీ అవతలి అమ్మాయి కాగితాలు తిరగేసి, పారిస్‌లో ఒక్క రోజు కూడా ఉండరా అని అడిగింది. ఉండం అన్నాను. మామగారితోనా అంది. అవునన్నాను. పది రోజుల్లో వీసాలు వచ్చాయి.

శుక్రవారం సాయంత్రం శ్రీనూ, మా పాపా వాషింగ్టన్ డల్లస్ ఎయిర్‌పోర్ట్‌లో దింపి వెళ్ళారు. విమానం ఎక్కాక మామయ్య బూట్లు విప్పి, కాళ్ళు దగ్గరకి తీసుకుని, తెల్లారేదాకా కదలకుండా కూర్చున్నారు. శనివారం ఉదయం తొమ్మిదింటికి పారిస్‌లో దిగాం. ఊళ్ళోకి వెళ్ళనక్కర్లేదు, ఎయిర్‌పోర్ట్‌లోనే రైల్వే స్టేషన్ ఉంది. దక్షిణానికి వెళ్ళే హైస్పీడ్ రైలు, టీజీవీ, అక్కడే ఎక్కాం. టికెట్లు నెల ముందే ఇంటర్నెట్‌లో కొనుక్కుంటే సగానికి సగం తగ్గుతాయి.

నాలుగు గంటల ప్రయాణం. మొదటి రెండు గంటలూ పొగమంచు, దున్నిన పొలాలు. తరవాత ఎండ వచ్చింది. మా ఎదుటి సీట్లో మోంపెలియేలో చదువుకునే అమ్మాయి కూర్చుంది. నేను పులిహోర డబ్బా మూత తీయగానే ఆ వాసనేమిటని అడిగింది. ఇంగువ అని చెప్పలేక, ఒక చెంచా పెట్టాను. తిని, కళ్ళు తుడుచుకుని, "బావుంది, కానీ నాకు నీళ్ళు కావాలి," అంది. మామయ్య తన సీసా ఇచ్చారు. తరవాత ఆ అమ్మాయే మోంపెలియేలో మమ్మల్ని బెజియే వెళ్ళే రైలు దాకా తీసుకెళ్ళి ఎక్కించింది.

మోంపెలియే దాటాక కిటికీకి రెండు వైపులా ద్రాక్షతోటలే. ఆకు లేదు, పందిరి లేదు. మోకాలెత్తు నల్లటి మోడులు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. మామయ్య కిటికీ వైపుకి జరిగారు. బెజియేలో దిగేదాకా ఇటు తిరగలేదు.

బెజియే నుంచి బెదారియూ వెళ్ళే బస్సు ఫోజేర్ మీదుగా పోతుంది. టికెట్ రెండు యూరోల లోపే. రోజుకి నాలుగైదు బస్సులు మాత్రమే ఉంటాయి, ఆదివారం మరీ తక్కువ కాబట్టి టైమ్‌టేబుల్ చూసుకుని వెళ్ళాలి. అయిదున్నర బస్సెక్కి, ఆరుంపావుకి చీకటి పడే వేళ ఊరి మొదట్లో దిగాం. మాతో పాటు దిగినవాళ్ళు ఎవరూ లేరు. సూట్‌కేసుల చక్రాల చప్పుడు ఊరంతటికీ వినిపించి ఉంటుంది.

మేం దిగిన ఇల్లు ఒడీల్ అనే ఆవిడది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. కింద వైన్ తయారుచేసే గది, పైన ఆవిడ ఉండే ఇల్లు, ఆ పైన అద్దెకిచ్చే రెండు గదులు. వైన్ కొనడానికొచ్చే ఇంగ్లీషు వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్న ఇంగ్లీషు ఆవిడది, మాట మాటకీ వెతుక్కుంటుంది. ఎడమచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంట్ కట్టు ఉంది. జనవరిలో మెట్ల మీద జారిందట. సూప్, రొట్టె, చీజ్ పెట్టింది. సూప్ మసూర్ పప్పుతో చేసింది. మామయ్య రెండోసారి అడిగి పోయించుకున్నారు. ఒడీల్ మూడు గ్లాసులు తెచ్చి, తన తోటదేనంటూ సీసా తెరవబోయింది. నేను తలనొప్పిగా ఉందని చెప్పి మంచినీళ్ళు తాగాను. ఆవిడకి నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున్న కొండ ఎక్కాం. ఊరి వీధుల్లో పది నిమిషాలు నడిస్తే ఇళ్ళు అయిపోతాయి. అక్కణ్ణుంచి గాలిమరల దాకా తోటల మధ్య దారి. పైకి వెళితే ఒకవైపు కొండలు, ఇంకోవైపు మైదానం, దాని చివర సముద్రం సన్నగా మెరుస్తూ కనిపించాయి. గాలి తప్ప ఇంకో శబ్దం లేదు. నేను కోరుకున్న చోటు అదే. గోడ వారగా ఎండలో కూర్చుని గంటసేపు ఏమీ ఆలోచించలేదు.

మామయ్య కిందికి దిగి తోటల గట్టు మీద తిరుగుతున్నారు. నేల అంతా పలకల్లా విడిపోయే నల్లటి రాయి. ఒక ముక్క తీసి చేత్తోనే విరిచారు. దిగి వచ్చేటప్పుడు ఎదురొచ్చిన ఒడీల్‌ని, ఈ తోటకి ఎన్నేళ్ళు అని అడగమన్నారు. ఆవిడ తన తాత నాటాడనీ, ఎనభై ఏళ్ళు దాటాయనీ చెప్పింది.

"బోర్లు యాడున్నయో అడుగు బిడ్డా," అన్నారు మామయ్య.

అడిగాను. బోరు అంటే ఏమిటో చెప్పడానికి నేను చాలా అవస్థ పడ్డాను. అర్థమయ్యాక ఆవిడ బాగున్న చేత్తో ఆకాశం చూపించింది. తరవాత కాలితో నేల మీద తట్టి, వేళ్ళు రాతి పగుళ్ళలోంచి చాలా లోతుకి వెళతాయని చెప్పింది. ఎవరూ నీళ్ళు పెట్టరట. ఈ మాట తెలుగులో చెప్పగానే మామయ్య మొహం మారిపోయింది. వెనక్కి తిరిగి ఇంటికి నడిచారు. ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. పొరపాటు చేశానా, ఈ ఊరికి తీసుకురాకుండా ఉండాల్సిందా అని నాకు బెంగ పట్టుకుంది.

సోమవారం ఏడింటికి లేచేసరికి ఆయన గది తలుపు తీసి ఉంది. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. మనిషి లేరు. ఫోన్ బల్ల మీదే ఉంది. కింద వైన్ గదిలో చూశాను, వీధిలో చూశాను. రొట్టెలు అమ్మే కొట్టు తెరవలేదు. చర్చి వెనకా, బస్టాప్ దగ్గరా వెతికాను. మంచు పడి రాళ్ళు జారుతున్నాయి. ఒడీల్ జారినట్టే ఈయనా ఎక్కడైనా జారి పడిపోయారేమోనని మెట్లన్నీ చూసుకుంటూ తిరిగాను. శ్రీనుకి ఏమని చెప్పను? ఎనిమిదింపావుకి ఇంటికి పరిగెత్తి ఒడీల్‌కి చెప్పాను. ఆవిడ కోటు వేసుకుంటూ మెట్ల కింద గోడ వైపు చూసి ఆగిపోయింది. మేకుకి తగిలించి ఉండాల్సిన, కొమ్మలు కోసే కత్తెర లేదు.

ఆవిడ అంత వయసులోనూ నాకంటే ముందు తోట చేరింది. మామయ్య మూడో వరసలో వంగి ఉన్నారు. నెత్తికి మఫ్లర్, చేతిలో కత్తెర. ఆయన వెనక అయిదారు మొక్కలు కత్తిరించి ఉన్నాయి, కొమ్మలన్నీ ఒక పక్కకి పేర్చి ఉన్నాయి.

ఒడీల్ అరిచింది. ఫ్రెంచ్‌లో ఏమందో నాకు అర్థం కాకపోయినా కోపం మాత్రం అర్థమైంది. నాకు సిగ్గుతో తల తిరిగిపోయింది. అడగకుండా ఒకరి తోటలో, అదీ తాతలనాటి మొక్కల మీద కత్తెర పెట్టడమేమిటి? "మామయ్యా, ఏమిటిది? అడగొద్దా?" అన్నాను. పదకొండేళ్ళలో ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు.

మామయ్య నడుం ఎత్తి, కత్తెర రెండు చేతులతో ఆవిడకి అందించబోయారు. "తప్పయింది. ఆమె చెయ్యి అట్ల కట్టుకొని ఉంది, సగం తోట గట్లనే మిగిలింది. పక్క వరస సూసి గట్లనే కోసిన," అన్నారు.

నేను తడబడుతూ ఇంగ్లీషులో చెప్పాను, ఈయనకి ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేదని. ఒడీల్ వినలేదు. కత్తెర లాక్కుని, ఆయన కోసిన మొదటి మొక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. కొమ్మ తరవాత కొమ్మ వేలితో తడుముతూ చూసింది. రెండో మొక్క, మూడో మొక్క. అయిదో మొక్క దగ్గర ఆగి, ఒక కొమ్మ చూపించి, తన కంటి కింద వేలితో తట్టి, రెండు వేళ్ళు చూపించింది. నేను, కళ్ళు పెట్టుకుని చెయ్యమని తిడుతోందనుకున్నాను.

మామయ్య నవ్వారు. అత్తమ్మ పోయాక ఆయన నవ్వగా నేను చూడలేదు.

"రెండు కండ్లే ఉంచాలెనంటుంది. నేను మూడు ఉంచిన," అన్నారు. కొమ్మ మీద చిగురు వేసే చోటుని మేడ్చల్‌లోనూ కన్ను అనే అంటారట. ఆయన కూడా తన కంటి కింద తట్టుకుని, రెండు వేళ్ళు చూపించి తలూపారు. ఒడీల్ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. రెండో కన్ను పైన తనే కోసేసి, లేచి, కత్తెర తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. వాళ్ళిద్దరూ పన్నెండింటి దాకా పనిచేశారు. ఆవిడ ఒంటిచేత్తో కొమ్మలు ఏరింది, ఆయన కోశారు. మధ్యలో నన్ను పిలిచి కొన్ని మాటలు చెప్పమన్నారు. మేడ్చల్‌లో ద్రాక్ష ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం, వేసవిలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి అని మామయ్య చెబితే ఒడీల్ నమ్మలేదు. మరి మొక్క నిద్రపోయేది ఎప్పుడు అని అడిగింది. మాకాడ పోదు, చలి లేదు కద అన్నారాయన. ఆవిడ, పాపం మొక్క అన్నట్టు పెదవి విరిచింది. మామయ్య, రాతి కడీలు పాతి, తీగలు లాగి, తలకి పైన పందిరి ఎలా వేసేవారో పుల్లతో నేల మీద గీసి చూపించారు.

ఆ రాత్రి ఒడీల్ తన వంటింట్లోనే భోజనం పెట్టింది. ద్రాక్షపుల్లల నిప్పుల మీద కోడి కాల్చింది. మాతో తెచ్చుకున్న చిన్న రైస్ కుక్కర్‌లో నేను అన్నం వండాను. ఆవిడ మళ్ళీ మూడు గ్లాసులు పెట్టింది. నేను మళ్ళీ తలనొప్పి అనబోతుంటే మామయ్య నా గ్లాసు ఆవిడ వైపు జరిపారు.

"పోయించుకో బిడ్డా. గరాజ్‌ల సీసాలు నాకు కనబడలేదనుకుంటున్నవా? మీ ఇంట్ల నేనుండుడు మీకు కష్టం కావద్దు," అన్నారు మెల్లగా.

 క్షమించండి అనాలా, థాంక్స్ అనాలా? గ్లాసు పట్టి పోయించుకున్నాను. నల్లగా, చిక్కగా, కొంచెం పొగ వాసన వేస్తూ ఉంది ఆ వైన్. నేను తాగిన వాటిలో ఎంత మంచిదో చెప్పేంత తెలివి నాకు లేదుగానీ, ఇంత నిశ్చింతగా మాత్రం ఎప్పుడూ తాగలేదు. మామయ్య కూడా ఒడీల్ మాట తీసేయలేక ఒక గుక్క తాగారు. ఎలా ఉందని ఆవిడ అడిగితే ఇంగ్లీషులో గుడ్ అన్నారు. నాతో మాత్రం, "పండు తిన్నట్టు కాదు," అన్నారు.

మా ప్లాన్ ప్రకారం మంగళవారం పొద్దున్నే ఈ ఊరు వదిలి, కార్కసొన్ కోట చూసి, అక్కడ ఒక రాత్రి, ఆవీన్యోలో ఒక రాత్రి ఉండాలి. భోజనం అయ్యాక మామయ్య, ఇంకా పదహారు వరసలు మిగిలాయనీ, మొక్క చిగురు పట్టేలోపు అవ్వాలనీ, ఒడీల్ పిలిచిన కూలీలు ఇంకో రెండు వారాల దాకా రారనీ చెప్పారు. తరవాత, "నువ్వు పోయి కోట సూసి రా. నేనీడ ఉంట," అన్నారు.

నాకు మొదట చిరాకు వచ్చింది. రెండు హోటళ్ళూ నేను నెలల తరబడి రివ్యూలు చదివి ఎంచుకున్నవి. పైగా ఊరుగాని ఊళ్ళో, భాష రాని చోట ఆయన్ని వదిలి వెళ్ళడమెలా? గదిలోకి వెళ్ళి చాలాసేపు అటూ ఇటూ దొర్లాను. నేను ఒంటరిగా, నిశ్శబ్దంగా ఉండాలనే కదా ఈ దేశం వచ్చాను, ఆయనే నాకు ఆ అవకాశం ఇస్తుంటే నేనెందుకు గింజుకుంటున్నాను అనిపించాక నిద్రపట్టింది. పొద్దున్న ఒడీల్ ఇంటి ఫోన్ నుంచి రెండు హోటళ్ళకీ రాత్రికి ఉండడం లేదని చెప్పేశాను, కోట ఒక్కటీ చూసి సాయంత్రానికి తిరిగొచ్చేద్దామని. ఒక హోటల్ డబ్బు తిరిగి ఇవ్వనంది. సరే అన్నాను.

మంగళవారం ఎనిమిదింటి బస్సుకి బెజియే వెళ్ళి అక్కడ కార్కసొన్ రైలెక్కాను. గంట లోపే చేరుస్తుంది. పక్కన డ్యూటీ దిగి ఇంటికి వెళుతున్న నర్సు కూర్చుంది. అమెరికా నుంచి ఒక్కదాన్నే వచ్చానా అని అడిగింది. మామగారు తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నారని చెబితే, "మా మామగారికి టీవీ తప్ప ఏమీ పట్టదు, మీది అదృష్టం," అంది.

కోట గొప్పగానే ఉంది. స్టేషన్ నుంచి అరగంట నడక, ఏరు దాటి ఎక్కాలి. రెండు వరసల గోడలు, బురుజులు. ఫిబ్రవరి కాబట్టి లోపల సగం కొట్లు మూసి ఉన్నాయి. గోడ మీద నడవడానికి టికెట్ తీసుకోండి, అది వృథా కాదు. నేను గోడ మీద గంటన్నర ఒక్కదాన్నే నడిచాను. ఎవరికీ టైముకి అన్నం పెట్టక్కర్లేదు, ఎవరికీ ఫోటో తీయక్కర్లేదు. చిన్న హోటల్లో చిక్కుడు గింజలూ మాంసమూ కలిపి మట్టి గిన్నెలో వండే ఇక్కడి వంటకం తిన్నాను. అది తింటే రాత్రికి ఆకలి వెయ్యదు. మూడింటికే నాకు ఫోజేర్ మీదికి మనసు పోయింది. నాలుగు గంటల రైలెక్కాను.

బస్సు కొండ తిరిగేసరికి తోటల్లో అక్కడక్కడా పొగలు లేస్తున్నాయి. ఇక్కడివాళ్ళు పాత ఆయిల్ డ్రమ్ముని నిలువునా కోసి, దానికి చక్రం బిగించి, తోపుడుబండిలా తోసుకుంటూ కోసిన కొమ్మలు అందులోనే కాలుస్తూ పోతారు. ఒడీల్ తోటలో ఆ బండి తోస్తున్నది మామయ్య. మొహమంతా మసి. నన్ను చూసి చెయ్యి ఊపారు. దిగి వెళ్ళాక, తిన్నావా బిడ్డా అని అడిగి, నేను కోట గురించి చెబుతుంటే బండి పక్కకి పెట్టి మొత్తం విన్నారు. గోడల మధ్య నీళ్ళకి ఏం చేసేవారు, బావులు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను.

బుధవారం నేనూ పనిలోకి దిగాను. కత్తెర నాకివ్వలేదు, కొమ్మలు ఏరే పని ఇచ్చారు. సాయంత్రానికి నడుం పట్టేసింది. పదహారు వరసల్లో పదకొండు పూర్తయ్యాయి. మిగిలినవి కూలీలు చూసుకుంటారని ఒడీల్ అంది. మామయ్య ఆఖరి మొక్క కోసి, కత్తెర నూనెగుడ్డతో తుడిచి, మెట్ల కింద మేకుకి తగిలించారు.

గురువారం ఏడున్నర బస్సు. ఒడీల్ తడి కాగితంలో చుట్టిన నాలుగు ద్రాక్షకొమ్మలు తెచ్చి మామయ్య చేతిలో పెట్టబోయింది, నాటుకోమని. మొక్కలూ కొమ్మలూ అమెరికాలోకి తీసుకురానివ్వరు, మీలో ఎవరైనా వెళితే ఇది గుర్తుపెట్టుకోండి. ఆ సంగతి నేను చెబితే ఇద్దరి మొహాలూ చిన్నబోయాయి. ఆవిడ లోపలికెళ్ళి వైన్ సీసా తెచ్చి నాకిచ్చింది. మామయ్యకి చెయ్యిచ్చింది. ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఈ ఏడు కాపు వచ్చాక ఎట్లుందో చెప్పమని నాతో అడిగించారు. ఉత్తరం రాస్తానందావిడ.

పారిస్ వెళ్ళే రైల్లో, ఊళ్ళు వెనక్కి పోతుండగా, మామయ్య తనంతట తనే తోట సంగతి ఎత్తారు. రెండేళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు పోయించారట. మూడో ఏడు బోరు వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వచ్చిందట. కడీలు అమ్మారు, తీగలు అమ్మారు. "చెట్లని మాత్రం కూలోల్లతోని కొట్టియ్యలే బిడ్డా. నేనే కొట్టిన. మీ అత్తమ్మ ఇంట్లకెళ్ళి తలుపేసుకుంది," అన్నారు. నేను ఆయన చేతి మీద చెయ్యి వేశాను. ఆయన తీసేయలేదు. కాసేపటికి, "ఆ ఎనబై ఏండ్ల చెట్టు సూసిన రోజు మస్తు దుఃఖమైంది. కోసినంక పోయింది. గట్లెందుకైతదో నాకు తెల్వదు," అని, సీటు వెనక్కి వంచుకుని నిద్రపోయారు.

ఫోజేర్‌లో చూడ్డానికి ఏమున్నాయని ఎవరైనా అడిగితే, గాలిమరలు, ఒక చర్చి, రొట్టెల కొట్టు అని చెప్పాలి. ఒక్క పూటలో అయిపోతాయి. అయినా తొందరపడి వచ్చెయ్యకండి, ఒకే చోట అయిదు రాత్రులు ఉండండి. నాకైతే నలభయ్యో ఏట ఇంతకంటే మంచి సెలవు దొరికేది కాదు.

ఆ రాత్రి పారిస్ ఎయిర్‌పోర్ట్ పక్క హోటల్లో పడుకుని, శుక్రవారం మధ్యాహ్నం విమానం ఎక్కాం. వాషింగ్టన్ దగ్గర పడుతుండగా కస్టమ్స్ కాగితాలు పంచారు. మామయ్య కాగితాలేవైనా నేనే నింపుతాను. ఏదైనా వ్యవసాయ క్షేత్రానికి వెళ్ళారా అన్న ప్రశ్నకి లేదని గీత పెట్టబోతుంటే, అదేమిటని అడిగారు. చెప్పాను. అవునంటే పక్కకి పిలుస్తారు, ఆలస్యమవుతుంది అని కూడా చెప్పాను.

"పోయినం గద బిడ్డా. పోయినమనే రాయి," అన్నారు.

అనుకున్నట్టే మమ్మల్ని పక్క కౌంటర్‌కి పంపారు. అక్కడి ఆఫీసర్ ఒక చిన్నవయసు అమ్మాయి. చేతులకి గ్లవ్స్ వేసుకుని మామయ్య బూట్లు విప్పించి, అడుగున ఇరుక్కున్న నల్ల పలకరాయి ముక్కలు బ్రష్‌తో దులిపింది. తోటలో ఏం చేశారని అడిగింది. నేను నోరు తెరవబోతే మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు. వట్టి సాక్సులతో నిలబడి, మాటకి మాట ఆగుతూ, ఇంగ్లీషులో ఆయనే చెప్పారు.

"ఐ యామ్ గ్రేప్ ఫార్మర్. ఐ కట్."

ఆ అమ్మాయి తలెత్తింది. ఏ రకం ద్రాక్ష అని అడిగింది. అనాబేషాహి అన్నారు. ఆ అమ్మాయికి అర్థం కాక మళ్ళీ చెప్పమంది. వెనక లైన్‌లో జనం నిలబడి ఉన్నారు. మామయ్య తొందరపడలేదు. కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, ఒక్కో అక్షరమే చెప్పడం మొదలుపెట్టారు.